కొంగు కింద కుదిరిన బేరం

దెయ్యం ఉందని ఎవరైనా చెబితే ముందు దాని ధరెంతో అడిగే రకం నేను. తాయెత్తులు కట్టేవాడు, దిష్టి తీసేవాడు, వాస్తు చూసేవాడు, మా వీధిలోకి వచ్చిన ఎవర్నీ వదల్లేదు. అందరితోనూ గీసి గీసి బేరమాడి, చివరికి ఏదీ కొనకుండా పంపించాను. భయాన్ని అమ్ముకునేవాళ్ళ మొహాలు నాకు బాగా తెలుసు. వ్యాపారస్తుల ఇంట్లో పుట్టినదాన్ని.

మాది జగ్గయ్యపేట. నాన్నది మిర్చి కమీషన్ కొట్టు. మా ఆయనది స్టీలు సామాన్ల షాపు. పుట్టింట్లో ఘాటు, మెట్టినింట్లో మోత అని మా చుట్టాలు నన్ను ఆటపట్టిస్తుంటారు.

ఇప్పుడు చెప్పబోయేది పట్టపగలు, మా ఇంట్లో, నాకే జరిగింది. ఎవరో చెప్పగా విన్నదైతే నేనే నవ్వి ఊరుకునేదాన్ని.

మా అమ్మాయి హారిక తొలి కాన్పుకి మా ఇంటికి వచ్చింది. నిండు ఎండాకాలం. మా వైపు ఎండ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పొద్దు కుంకినా గోడలు పెనంలా కాలుతూనే ఉంటాయి. మగపిల్లాడు పుట్టాడు. మా ఆనవాయితీ ప్రకారం మూడో నెల వెళ్ళేదాకా తల్లీబిడ్డలు పుట్టింట్లోనే ఉండాలి. ఉంచుకోవాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. పెళ్ళయ్యాక హారిక నా దగ్గర నాలుగు రోజులు నిలకడగా ఉన్నది లేదు.

దాని అత్తగారిది నందిగామ. వాళ్ళింట్లో గదికో ఏసీ. ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా మాట అక్కడికే తెచ్చేది.

"వదినగారూ, ఉక్కగా ఉంటే మొహమాటపడకండి. కారు పంపిస్తాను, పిల్లల్ని పంపేయండి. పసివాడికి చెమటకాయలు లేస్తే నలుగురూ నన్నే అంటారు."

"మొహమాటమా? నాకా? ఏసీ వస్తోందండీ వదినగారూ, రేపో మాపో బిగిస్తారు" అన్నాను.

ఆ మాట అనేటప్పటికి నేను ఏసీ మొహం చూసింది లేదు. మా ఇంట్లో ఉన్నవి కూలర్లే. ఒక ఎండాకాలం కోసం కొత్త ఏసీ కొనడమా అని మనసు ఒప్పుకోలేదు. నందిగామలో పాత సామాన్లు అమ్మే షాపు ఉందని విని బయల్దేరాను. ఆవిడ ఊళ్ళోనే కొని ఆవిడ నోరు మూయించడం అదొక తృప్తి.

సరిగ్గా బోణీ వేళకి వెళ్ళాను. షట్టరు ఎత్తి, దీపం పెట్టాక వచ్చిన మొదటి బేరాన్ని ఏ కొట్టువాడూ ఉత్తచేతులతో పంపడు. పంపితే ఆ రోజంతా గిరాకీ ఉండదని వాడి భయం. ఆ భయం మీదే నేను సగం సంసారం అమర్చుకున్నాను.

నేనడిగిన ధర విని షాపతను దీపం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అమ్మా, ఇట్లా అడిగితే షాపు మూసేసి మీ ఇంట్లో పనికి చేరాలి నేను."

"చేరు నాయనా. జీతం దగ్గర కూడా బేరమాడతా."

చివరికి ఇచ్చాడు. ఎవరిదని అడిగితే ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పడేశారమ్మా అన్నాడు. నేను ఏసీ మూతి దగ్గర ముక్కు పెట్టి చూశాను. మిర్చి బస్తా విప్పకుండానే లోపల నెమ్ముందో లేదో చెప్పే ముక్కు నాది. ఫినాయిలు వాసన తప్ప ఏమీ రాలేదు. ఏసీకి ఫినాయిలు ఎందుకు కొట్టారన్న ప్రశ్న రావలసింది. ధర తగ్గిన సంతోషంలో రాలేదు.

దావీదు అని పెనుగంచిప్రోలు నుంచి వచ్చే మెకానిక్ బిగించి వెళ్ళాడు. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. పిల్లాడు కాళ్ళు చాపుకుని నిద్రపోయాడు. నేను వియ్యపురాలికి ఫోన్ చేసి, దుప్పటి కప్పాల్సి వస్తోందండీ అని చెప్పాను. ఆవిడ వెంటనే మాట బారసాల మీదకి మార్చేసింది.

ఆ తర్వాత కంపు మొదలైంది.

పిల్లాడి గుడ్డలేమో అనుకుని అన్నీ ఉడకబెట్టాం. డ్రైనేజీ ఏమో అనుకుని ఆసిడ్ పోయించాను. మా ఆయన మీద అనుమానం వచ్చి, పడుకోబోయేముందు పళ్ళు తోముకోమని మళ్ళీ పంపాను. "పిల్లాడు పుట్టింది నీ కూతురికి, శుద్ధి నాకా?" అని గొణుక్కుంటూ వెళ్ళాడు పాపం. ఎందుకు ఆయన్ని అనుమానించానంటే, అది అచ్చంగా నోటి కంపు.

దీన్ని ఎలా చెప్పాలో తెలియడం లేదు. పిప్పిపన్ను ఉన్న మనిషి నోరు తెరుచుకుని పడుకుని, లేచి, మొహం కడక్కుండా మన మీదకి వంగి మాట్లాడితే ఎలా ఉంటుంది? అలా. అందులో నానిన వక్క, పొగాకు కాడ, వాటి కింద కుళ్ళిన మాంసం లాంటిది ఇంకేదో. ఇంట్లో బల్లి చచ్చినా ఎలుక చచ్చినా ఆ కంపు గదంతా ఒకేలా ఉంటుంది. ఇది అలా లేదు. ఏసీ రెక్క కిందికి దిగినప్పుడు మొహాన కొట్టేది. పైకి లేచినప్పుడు ఆగేది. మళ్ళీ దిగేది.

"ఊపిరి తీసుకుంటున్నట్టుందమ్మా" అంది హారిక.

"నోరు ముయ్యి, బాలింతవి" అన్నాను. కానీ నాకూ అలాగే అనిపించింది.

అంతటితో ఆగలేదు. ఏసీ మూలనుంచి నీళ్ళు కారడం మొదలైంది. నీళ్ళు కారితే బొట్టు బొట్టుగా కారాలి కదా. ఇది తీగలా సాగేది. సాగి, సాగి, మంచం మీదకి దిగేది. చొంగ. ఇంకో మాట లేదు. ఒకసారి పాలు తాగుతున్న పిల్లాడి చెంప మీద పడింది. వాడు తాగిన పాలన్నీ కక్కేశాడు. కొంగుతో తుడిచాను, రాలేదు. వేలితో గీకాల్సి వచ్చింది. ఆ పూట నేను అన్నం తినలేదు.

దావీదు వచ్చాడు. ఏసీ చుట్టూ ప్లాస్టిక్ సంచి కట్టి, మోటారు పెట్టి నీళ్ళు కొట్టాడు. సంచిలోకి నల్లటి నీళ్ళు దిగాయి, తార్రోడ్డు కడిగినట్టు.

"చూశారా అమ్మగారూ, ఇదీ మీ దెయ్యం" అన్నాడు.

"నేను దెయ్యమన్నానా? కంపన్నాను. కంపు పోతేనే డబ్బులు."

"కంపు పోతది. కానీ పాత సరుకండి ఇది. కొన్నప్పుడు బేరంలో మీరు గెలిచారు, ఇప్పుడు అది గెలుస్తోంది."

సాయంత్రానికి కంపు మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంకా దగ్గరగా.

సరిగ్గా అప్పుడే దిగింది మా వియ్యపురాలు, బారసాల మాట్లాడదామని. గదిలోకి అడుగుపెట్టి, అడుగు వెనక్కి తీసి, పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆ పమిట కాఫీ తాగేటప్పుడు కూడా తియ్యలేదు.

"వదినగారూ, ఏదో చచ్చినట్టుంది."

"ఏసీ కడిగించామండీ. ఆ మందు వాసన."

"మందా? మా మామగారు పోయేముందు మంచం దగ్గర ఇట్లాంటి వాసనే వచ్చేది. ఈ గదిలో పసిబిడ్డని ఎట్లా పడుకోబెడుతున్నారు తల్లీ!" పిల్లాణ్ణి నా చేతిలోంచి తీసుకుంది. "ఎల్లుండి సాయంత్రం కారు వస్తుంది. బారసాల మా ఇంట్లోనే. మీరేమీ అనుకోవద్దు."

అనుకోవడానికి నా దగ్గర ఏముంది? చెమటకాయలు అప్పటికే పిల్లాడి మెడంతా ఎక్కాయి. ఏసీ వేస్తే కంపు, ఆపితే ఉక్క. హారిక నా మొహం కూడా చూడకుండా బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. వెళ్ళాలని దానికీ లేదు, ఉండమనే మొహం నాకూ లేదు.

మర్నాడు దావీదుని మళ్ళీ పిలిపించాను. మూత విప్పాడు. కింద నీళ్ళు నిలిచే ట్రే ఉంటుంది, అక్కణ్ణుంచి గొట్టం గుండా నీళ్ళు బయటికి పోతాయి, అక్కడే ఏదో ఇరుక్కుని ఉంటుందన్నాడు. లోపలికి చెయ్యి పెట్టాడు. నేను కింద నిలబడి టార్చి వేస్తున్నాను.

ఒక్కసారిగా చెయ్యి లాక్కున్నాడు. స్టూలు మీంచి దూకినంత పని చేశాడు. "షాక్ కొట్టిందా?" అన్నాను. మెయిన్ ఆపే ఉంది, ఆ సంగతి నాకూ తెలుసు. దావీదు పెరట్లోకి వెళ్ళి పంపు కింద చెయ్యి కడుక్కున్నాడు, కడుక్కున్నాడు, మా సబ్బు సగం అరగదీశాడు.

"ఇది నావల్ల కాదమ్మగారూ. వేరేవాళ్ళని చూసుకోండి."

రెండుసార్లు వచ్చాడు కదా అని నోటికొచ్చినంత తక్కువ చెప్పి, అంతే చేతిలో పెట్టాను. చూసుకోకుండా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. స్క్రూడ్రైవరు కూడా మర్చిపోయాడు. నా జీవితంలో బేరమాడని మెకానిక్‌ని చూడడం అదే మొదలు. అసలు నేను అక్కడే ఆలోచించాల్సింది.

కారు వచ్చే రోజు మధ్యాహ్నం. మా ఆయన షాపులో ఉన్నాడు. హారిక, పిల్లాడు ముందుగదిలో కూలర్ దగ్గర పడుకున్నారు. దావీదు విప్పిన మూత అలాగే వేలాడుతోంది. వేరే మెకానిక్‌ని పిలిస్తే సాయంత్రంలోపు రానన్నాడు. ఇరుక్కున్నదేదో తీసేస్తే పోయేదానికి పిల్లని పంపించేసుకోవడమా అని పౌరుషం వచ్చింది. ఆ గది మెయిన్ ఆపాను. ముక్కుకి గుడ్డ కట్టాను. మురికి మంచం మీద పడకుండా ఏసీ మీద పాత చీర కప్పి వేలాడదీశాను. స్టూలెక్కి, చీర కొంగు కిందనుంచి కుడిచెయ్యి లోపలికి పెట్టాను.

లోపల ఏమీ కనిపించదు. అంతా చేతికి తెలియాల్సిందే. ముందు రేకు తగిలింది. తర్వాత జిగురు. గంజి చిక్కబడి మీగడ కట్టినట్టు, కాదు, జలుబు చేసిన పిల్లాడి ముక్కు తుడిచినప్పుడు చేతికి అంటినట్టు. చెయ్యి ముందుకి పోనిచ్చేకొద్దీ మణికట్టు దాకా వచ్చింది. కళ్ళు మూసుకుని వెతికాను.

అప్పుడు ఏదో నా వేళ్ళు పట్టుకుంది.

మెత్తగా, తడిగా, గోరువెచ్చగా ఉంది. పళ్ళూడిన చిగుళ్ళ మధ్య వేళ్ళు పెట్టినట్టుంది. కానీ చిగుళ్ళు అలా పట్టవు. పట్టినవి వేళ్ళు. బొటనవేలు వదిలేసి, మిగతా నాలుగు వేళ్ళూ కలిపి పట్టుకుని, ఒక్కసారి నొక్కి, ఆగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా నాన్న కాలంలో మిర్చి బేరాలు నోటితో జరిగేవి కావు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పుకునేవారు. లోపల ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత అంకె. అది వందలా వేలా అన్నది ఇద్దరికీ ముందే తెలిసి ఉంటుంది కాబట్టి పైకి అనరు. ఒప్పుకోకపోతే అరచేతిలో గోటితో గీరాలి, తన అంకె తను పట్టాలి. ఒప్పుకుంటే అవతలివాడి బొటనవేలు గట్టిగా నొక్కాలి. అంతటితో ఖాయం. తువ్వాలు కింద కుదిరిన బేరాన్ని వెనక్కి తీసుకున్నవాడు మళ్ళీ బజారులో తలెత్తుకోలేడు. ఆడపిల్లలు ఆ బేరాలకి పోరు. కానీ నాన్న నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆటగా నేర్పాడు. నేను అన్నం తిననంటే తువ్వాలు కప్పి, ఎన్ని ముద్దలో వేళ్ళతో అడిగేవాడు. నాలుగు అనేవాడు. నేను గీరి, రెండు పట్టేదాన్ని.

నా చేతికి అదే అలవాటు. ఎవరైనా నాలుగంటే నా చెయ్యి రెండంటుంది. మనసుతో పనిలేదు.

కేక వెయ్యాలి. చెయ్యి లాక్కోవాలి. దావీదు చేసినట్టు చెయ్యాలి. నేనేం చేశానో తెలుసా? ఆ జిగురులోంచి, ఆ మెత్తటి దాంట్లోకి గోరు దింపి గీరాను. రెండు వేళ్ళు పట్టాను.

అది కాసేపు కదల్లేదు. తర్వాత నా అరచేతిలో ఏదో గీరింది. గోరు అయితే చెప్పుకోదగ్గ పొడవు. నా మూడు వేళ్ళు పట్టింది.

సిగ్గులేకపోతే సరి. నేను మళ్ళీ గీరాను. మళ్ళీ రెండే పట్టాను.

చీర కొంగు నా మొహానికి ఆనుకుని ఉంది. దాని అవతల, అంత దగ్గరగా, ఆ ఊపిరి. గుడ్డ కట్టుకున్నా లోపలికి వచ్చేసింది. కరెంటు లేదు, ఫ్యాను తిరగడం లేదు, రెక్క కదలడం లేదు. అయినా కొంగు మెల్లగా ఉబ్బి, మెల్లగా దిగింది.

నా బొటనవేలు గట్టిగా నొక్కింది. వదిలేసింది.

ఎలా దిగానో గుర్తులేదు. పెరట్లో కక్కుకున్నాను. చేతికి మోచేతి దాకా నల్లటి జిగురు, నాలుగు వేళ్ళు మాత్రం నాకి శుభ్రం చేసినట్టు తెల్లగా ఉన్నాయి. రోజంతా నీళ్ళలో నానినట్టు ముడతలు పడ్డాయి. నేను చెయ్యి పెట్టింది కాసేపే. అప్పుడే గోడవతల గొట్టంలోంచి గుడగుడమని ఒక్కసారిగా నీళ్ళు దిగాయి. ఎంతసేపని! బిందెలు బిందెలు.

కంపు లేదు. ఏసీ వెయ్యాలంటే నాకు చెయ్యి రాలేదు, హారికే లేచి వచ్చి, చీర తీసి, మెయిన్ పెట్టి వేసింది. చల్లగా, ఏ వాసనా లేకుండా, కడిగిన గ్లాసులా గాలి వచ్చింది.

"ఏం చేశావమ్మా?" అంది ఆశ్చర్యంగా.

"అడ్డం ఉంటే తీశా" అన్నాను.

సాయంత్రం వియ్యపురాలు దిగింది. పమిట ముందే ముక్కు దగ్గర పట్టుకుని గదిలోకొచ్చింది. నిలబడింది. మెల్లగా పమిట దించింది. మంచం మీద కూర్చుని, గాలికి మొహం పెట్టి, కళ్ళు మూసుకుంది. "మా ఇంట్లోవాటికన్నా ఇదే చల్లగా ఉంది, వదినగారూ. ఎక్కడ కొన్నారు?" అంది. కారు ఖాళీగా వెళ్ళింది. బారసాల మా ఇంట్లో జరిగింది. నేను గెలిచాను.

గొట్టంలో నాచు పేరుకుంటే కంపు రావడం మామూలే, నువ్వు కెలకడంతో అడ్డం పోయింది, అంతే అంటాడు మా ఆయన. ఉండొచ్చు. ఆ వేళ్ళు పట్టుకోవడం సంగతి చెబితే, ఎండకి కళ్ళు తిరిగి ఉంటాయన్నాడు. అదీ ఉండొచ్చు. నేనూ అలాగే సర్దుకునేదాన్ని, దావీదు కనిపించకపోతే.

కూరగాయల బజారులో కనిపించాడు. స్క్రూడ్రైవరు ఇస్తాను రమ్మంటే అక్కర్లేదన్నాడు. ఆ రోజు ఏమైందని నిలదీశాను. నవ్వేద్దామని చూశాడు గానీ కుదర్లేదు.

"ఏం లేదమ్మగారూ. వేళ్ళు ఇరుక్కున్నాయి. ఇట్లా." నాలుగు వేళ్ళు కలిపి చూపించాడు. బొటనవేలు మాత్రం కలపలేదు. "ఇరుక్కోవడం కాదండి, ఎవరో పట్టుకుని ఏదో అడుగుతున్నట్టు అనిపించింది. అడిగేదేందో నాకు తెలవలా. లాగేసుకున్నా."

తువ్వాలు బేరం గురించి ఎప్పుడైనా విన్నావా అని అడిగాను. అదేంటండీ అన్నాడు.

ఇదంతా జరిగాక ఆ ఏసీ ఒక్క రోజు కూడా మొరాయించలేదు. దాన్ని తీసేసి కొత్తది పెట్టిద్దామంటే మా ఆయన ఒప్పుకోడు. బంగారంలాంటి దాన్ని ఎందుకు తీస్తామంటాడు. నేను ఆ గదిలో పడుకోను.

చేతిని చింతపండుతో తోమాను, కుంకుడుకాయతో తోమాను, పసుపు పట్టించాను. అన్నం కలిపి ముద్ద నోటి దగ్గరికి తెచ్చేసరికి గోళ్ళ సందుల్లోంచి ఆ కంపు. ఇంకెవరికీ రాదట. ఇప్పుడు చెంచాతో తింటున్నాను. కూరగాయలవాడు ఎంతంటే అంత ఇచ్చి వస్తున్నాను. మా బజారులో నాకేదో జబ్బు చేసిందని చెప్పుకుంటున్నారట. బేరమాడాలని నోరు తెరిస్తే అరచేతిలో ఎవరో గీరినట్టుంటుంది.

అది నాలుగు అడిగింది. నేను రెండుకి కుదిర్చాను. నాలుగేమిటి, రెండేమిటి? అది నాకు తెలియదు. దానికి తెలుసని మాత్రం తెలుసు, లేకపోతే అంత గట్టిగా నొక్కి ఖాయం చెయ్యదు. కొన్నది నేనో, అమ్మింది నేనో కూడా చెప్పలేను. ఎంత ఆలోచించినా నాకు అంతుబట్టలేదు.

హారిక మూడో నెల దాకా ఉండి వెళ్ళింది. అప్పుడప్పుడూ పిల్లాణ్ణి తీసుకొస్తుంది. ఒళ్ళోకి తీసుకుంటే వాడు నా కుడిచెయ్యే వెతుక్కుంటాడు. ఎప్పుడూ రెండు వేళ్ళే పట్టుకుంటాడు. ఒక్కసారి నొక్కి, ఆగుతాడు.

"పసివాళ్ళ గుప్పిట్లో అంతకన్నా ఎక్కువ ఎక్కడ పడతాయమ్మా" అంటుంది హారిక.

నిజమే. అయినా నేను కదలను. నా బొటనవేలు మాత్రం వాడికి అందకుండా మడిచి పెట్టుకుంటాను.